మంచం పక్కన క్లాసు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు అక్క నన్ను తల దువ్వమంది. అది ఆపరేషన్ అయిన ఐదో రోజు. వార్డు గడియారం ఆమె మంచానికి ఎదురుగా ఉండేది. దువ్వెన తీసుకోవడానికి సంచీ దగ్గరికి వెళ్తూ దాన్ని చూశాను. తర్వాత డాక్టరుగారు నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగినప్పుడు, ఆ టైము నుంచే లెక్క వేసి చెప్పాల్సి వచ్చింది.

"జడ గట్టిగ వెయ్యి. ఎనిమిదిన్నరకు పిల్లలొస్తరు," అంది అక్క.

పిల్లలు అంటే మెడికల్ కాలేజీ విద్యార్థులు. వాళ్లెవరూ ఆ వార్డులో అడుగుపెట్టలేదు. మా సొంత జిల్లాలో కొత్తగా పెట్టిన కాలేజీలో, ఇక్కడికి రెండు గంటల దూరంలో, ఒక గదిలో కూర్చుని ఉండేవాళ్లు. డాక్టరుగారు తలకు పెట్టుకున్న హెడ్‌సెట్ ద్వారా ఆయన చూసేదంతా చూసేవాళ్లు, ఆయన చెవిలో మాట్లాడేవాళ్లు.

నేను మూడు పాయలు తీస్తుండగా అక్క, "ఎడమ భుజం జర రుద్దు," అంది. రుద్దాను. "అక్కడ కాదు, పైన." పైన రుద్దాను. "ఇంక పైన." అంతకంటే పైన మెడ తప్ప ఏమీ లేదు. నా వేళ్ల కింద ఆ నొప్పి ఎక్కడా దొరకలేదు.

"సిస్టర్‌కు చెప్పనా అక్కా?"

"ఏం జెప్తవు? దిండు ఎత్తయిందని చెప్తవా? ఇప్పటికే ఆ పిల్లకు పది మంచాలున్నయి." కొంచెం ఊపిరి తీసుకుంది. "ఇయ్యాల పాఠమేందో తెలుసా? మంచిగ కోలుకుంటున్న పేషంట్‌ను ఎట్ల పరీక్ష జెయ్యాలె అని. నిన్న సార్ చెప్పిండు గదా. ఆ పేషంట్‌ను నేనే. నువ్వు నడుమల లొల్లి పెట్టకు."

జడ చివర రబ్బరు వేశాను. ఎనిమిదిన్నర వరకు ఇంకో రెండుసార్లు భుజం రుద్దాను.

మేమిద్దరం నాచారంలో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అక్క నాకంటే పద్నాలుగేళ్లు పెద్దది. బావ పోయి చాలా కాలమైంది, నేను పెళ్లి చేసుకోలేదు. ఆమె ముప్పై ఆరేళ్లు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి బోడుప్పల్‌లో రిటైరైంది. నేను పారిశ్రామికవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. ఆదివారం చర్చికి, బుధవారం కూరగాయలకు కలిసి వెళ్లేవాళ్లం. మిగతా రోజుల్లో ఆమె పేపరు చదివేది, నేను పుస్తకం చదివేదాన్ని. మధ్యలో ఎవరో ఒకరు లేచి టీ పెట్టేవాళ్లం.

అమ్మ చనిపోయేనాటికి నాకు ఎనిమిదేళ్లు. అప్పుడే అక్కకు మొదటి పోస్టింగ్ వచ్చింది, మా జిల్లాలోనే ఒక ఊళ్లో. నన్ను తనతో తీసుకెళ్లి తన బళ్లోనే మూడో తరగతిలో వేసింది. మొదటి రోజే గేటు బయట నిలబెట్టి చెప్పింది: లోపల నేను నీకు అక్కను కాదు, టీచర్‌ను. అడగందే మాట్లాడొద్దు. నేను ఆ మాట తప్పలేదు. ఒకరోజు పొద్దున్నే జ్వరం మొదలై, మధ్యాహ్నం బెల్లు కొట్టేవరకు బల్ల మీద తల ఆనించి కూర్చున్నాను. బెల్లయ్యాక నా నుదురు ముట్టుకుని అక్క భయపడిపోయింది. చంకనెత్తుకుని ఇంటిదాకా నడిచింది. "ఎందుకు చెప్పలేదే?" అంది. "క్లాసు నడుస్తుంది గదా టీచర్," అన్నాను. అంత జ్వరంలో, ఇంటికి వెళ్లే దారిలో కూడా టీచర్ అనే అన్నాను.

ఆ కథ అక్క నలభై ఏళ్లు చెప్పింది. చుట్టాలకు, తోటి టీచర్లకు, అద్దెకొచ్చిన వాళ్లకు. చెప్పినప్పుడల్లా నవ్వేది, చివర్లో నా వీపు మీద ఒక దెబ్బ వేసేది. చిన్నప్పుడు నాకు దొరికిన మెచ్చుకోళ్లలో అదే పెద్దది.

ఆమెకు పెద్ద పేగులో గడ్డ ఉందని తేలింది. ఆ ముక్క కోసి తీసేసి రెండు కొసలు కలుపుతామన్నారు. ఉప్పల్ వైపు ఉన్న ఒక పెద్ద ఆస్పత్రిలో చేరాం. మూడో అంతస్తు కిటికీ లోంచి చూస్తే మెట్రో రైళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగడం కనబడేది. చేరిన రోజే ఒక కాగితం ఇచ్చారు. రోగి మంచం పక్కన పాఠం చెప్పడానికి, దాన్ని రికార్డు చేసుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు. నాకు ఇష్టం లేదు. అక్క కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. పిల్లలు ఏ జిల్లా వాళ్లని అడిగింది. చెప్పగానే సంతకం పెట్టింది.

"వాళ్లల్ల నా దగ్గర ఒకటో తరగతి చదివినోళ్ల పిల్లలు ఉంటరు చెల్లే. ఆ కాలేజీల నేర్పెటానికి పెద్ద డాక్టర్లు లేరట. వాళ్లకు ఎవలన్న చూపియ్యాలె గదా."

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. రెండో రోజు పొద్దున డాక్టరుగారు మొదటిసారి ఆ హెడ్‌సెట్‌తో వచ్చారు. నుదుటికి అడ్డంగా ఒక పట్టీ, కళ్ల ముందు నల్లటి అద్దం. మామూలుగా ఆయనవి నవ్వే కళ్లు. అద్దం కిందికి దించగానే అవి కనబడకుండా పోయాయి.

"గానుగెద్దుకు కట్టే గంతల లెక్కున్నది సార్," అంది అక్క.

ఆయన నవ్వారు. "ఎద్దుకు ఏం గనవడదు అమ్మా. నాకు రెండు కండ్లకు నాలుగు కండ్ల పని."

క్లాసు మొదలుపెట్టే ముందు నర్సు నా దగ్గరికి వచ్చింది. మేడిపల్లి నుంచి వచ్చే అమ్మాయి, చురుకైనది. "మేడం, క్లాస్ నడిచేటప్పుడు మీరు మాట్లాడొద్దు. ఆవాజ్ మొత్తం మైకుల వోతది, అక్కడ పిల్లలకు సార్ మాట వినవడదు," అంది. ఇది నాకు మాత్రమే కాదు. అటెండెంట్‌గా రోగుల వెంట ఉన్న అందరికీ చెప్పేవాళ్లు. గోడకు ఒక కాగితం కూడా అంటించారు.

"మా చెల్లెకు చెప్పే పని లేదు," అంది అక్క మంచం మీది నుంచి. ఆపరేషన్ అయిన రెండో రోజు, గొంతు పూర్తిగా రాకపోయినా, డాక్టరుగారికి ఆ జ్వరం కథ మొత్తం చెప్పింది. ఆయన నావైపు తిరిగి, "గట్లనా మేడం? ఇట్లాంటి స్టూడెంట్ నాక్కూడ ఒక్కరుంటే మంచిగుండు," అన్నారు. నేను నవ్వాను.

ఆ క్లాసు అంటే నాకు మొదటి రోజు నుంచే భయం. ఎందుకో అప్పుడు సరిగా చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు చెప్పగలను. మాకు సగం సంభాషణే వినబడేది. డాక్టరుగారు, "లేదు, అది కాదు," అనేవారు. కాసేపు ఏమీ అనేవారు కాదు. తర్వాత, "అయితే అయితది, ఇట్లాంటి కేసుల. ఈమెకు కాలేదు," అనేవారు. ఏది అవుతుందో, ఈమెకు ఏది కాలేదో నాకు తెలిసేది కాదు. అడగడానికి వీల్లేదు. ఒక్కోసారి ఆయన చెయ్యి చాపి, అక్క కడుపు మీద జానెడు ఎత్తున గాల్లో వేలితో ఒక గీత గీసేవారు. ఆ గీతను అక్కడెక్కడో ఇరవై మంది చూస్తున్నారు. అక్కా నేనూ ఆ వేలినే చూసేవాళ్లం.

మూడో రోజు పాఠం అయ్యాక అక్క అడిగేసింది. "మీరు గీతలు గీస్తున్నరు గదా సార్, అక్కడ ఏమున్నదో నాక్కూడ చూపిస్తరా?"

ఆయన ఒక క్షణం ఆలోచించి హెడ్‌సెట్ తీసి, తుడిచి, ఆమె తల పక్కన పట్టుకున్నారు. అక్క రెండు చేతులతో దాన్ని పట్టుకుని చూసింది. మొదట భయపడింది, తర్వాత నోరు తెరిచింది.

"అబ్బో. అందరు కూసున్నరు. చిన్న చిన్న డబ్బాలల్ల కనవడుతున్నరు. సార్, వెనుకల ఒక పిలగాడు నిద్ర వోతున్నడు."

అవతలి వాళ్లు నవ్వి ఉంటారు. డాక్టరుగారు ముందుకు వంగి, ఆమె నుదుటి దగ్గర నోరు పెట్టి, "వినవడ్డదా? టీచరమ్మ పట్టేసింది. ఫస్ట్ లైన్ల కూసోబెట్టున్రి వాణ్ని," అన్నారు.

"నీళ్లు తాగిరమ్మనున్రి. కొట్టొద్దు," అంది అక్క. ఆ రోజంతా ఆమె మొహం మంచిగా ఉంది. నాలుగైదుసార్లు ఆ నిద్రపోయే అబ్బాయి మాట తీసింది. ఆస్పత్రిలో ఆమెను నేను సంతోషంగా చూసింది ఆ ఒక్క రోజే.

తర్వాత ఆయన నన్ను కూడా చూడమన్నారు. వద్దన్నాను. అక్క, "సూడు చెల్లే, భయమేంది," అంది. పెట్టుకున్నాను. డబ్బాల్లో మొహాలు నాకు సరిగా కనబడలేదు. నాకు కనబడింది అక్క స్కానింగ్ బొమ్మ. మంచం మీద గాల్లో, ఆమె పొట్టకు సరిగ్గా పైన నిలబడి ఉంది. ఎముకలు, పేగులు, కలిపిన చోట ఒక పసుపు రంగు గీత. దాని వెనక, ఆ పేగుల లోంచి, అక్క మొహం నన్ను చూసి నవ్వుతోంది. వెంటనే తీసేశాను. తీసేశాక కూడా ఆ పసుపు గీత ఎక్కడ ఉందో ఆ దుప్పటి మీద వేలు పెట్టి చూపించగలిగేదాన్ని. అప్పటి నుంచి ఆమె కదిలినప్పుడల్లా నా కళ్లు అక్కడికే పోయేవి.

ఆ కలిపిన చోటు ఊడి లోపల కారడం ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటే పెద్ద ప్రమాదమని డాక్టరుగారు మాకు ముందే చెప్పారు. ఐదో రోజు దాటితే భయం సగం తగ్గినట్టేనన్నారు. అందుకే రోజులు లెక్కపెట్టాను. నాలుగో రోజు ముక్కులో వేసిన గొట్టం తీసేశారు. అక్క రెండు చెంచాల జావ తాగింది. రేపటి పాఠం మంచిగా కోలుకుంటున్న పేషంట్ గురించి అని డాక్టరుగారు అన్నది ఆ రోజే. "రేపు మీరే మాకు ఎగ్జాంపుల్ అమ్మా," అన్నారు. అక్క బడికి ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ఎలా ఉండేదో అలా తల ఊపింది.

ఐదో రోజు ఎనిమిది గంటల ముప్పై ఐదు నిమిషాలకు ఆయన వచ్చారు. నర్సు చార్టు అందించింది. ఆయన చూసి, "పల్స్ కొంచెం ఎక్కువనే ఉన్నది. నిద్ర పట్టలేదా అమ్మా?" అన్నారు.

"పట్టింది సార్. మంచిగున్న."

అద్దం దించుకున్నారు. నేను మంచం కాళ్ల వైపు, ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. రోజూ నిలబడే చోటే. ఆయన పాఠం మొదలుపెట్టారు. పేషంట్ మొహం చూడాలి, నాలుక చూడాలి, పొట్ట మీద చెయ్యి పెట్టే ముందు చెయ్యి వెచ్చగా ఉందో లేదో చూసుకోవాలి. అక్క ఆయన చెప్పినవన్నీ చేసింది. నాలుక చాపమంటే చాపింది. దగ్గమంటే దగ్గింది. దగ్గినప్పుడు కళ్లు గట్టిగా మూసింది. ఆపరేషన్ కుట్లున్న వాళ్లెవరైనా అలాగే దగ్గుతారని ఆయన చెప్పారు. అది నిజమే. ఆమె కుడి చెయ్యి మెల్లగా లేచి ఎడమ భుజం మీదికి వెళ్లింది, మళ్లీ దిగింది.

ఆయన మాట ఆపారు. ఎవరో ఆయన చెవిలో ఏదో అడుగుతున్నారు.

"ఏంది? మళ్లొక్కసారి చెప్పు," అన్నారు. విన్నారు. "మంచి క్వశ్చన్." అక్క వైపు వంగారు. "అమ్మా, భుజం గిట్ల నొస్తుందా?"

నేను కమ్మీ పట్టుకున్న చేతుల్ని చూసుకున్నాను. పొద్దటి నుంచి మూడుసార్లు ఆ భుజం రుద్దిన చేతులు.

"లేదు సార్," అంది అక్క. "దిండు సరిగ లేకుండె. గంతే."

ఆయన మళ్లీ నిటారుగా నిలబడ్డారు. ఇంకో ప్రశ్న వచ్చినట్టుంది. వింటూ తల నావైపు తిప్పారు. ఆ నల్లటి అద్దంలో కిటికీ, నేను, రెండూ చిన్నగా కనబడ్డాయి. ఆయన చూస్తున్నది నన్నో, మా ఇద్దరి మధ్య గాల్లో ఉన్న ఆ బొమ్మనో నాకు తెలియలేదు. నోరు తెరిచాను. అక్క నావైపు చూసింది. కోపంగా కాదు. బళ్లో ఎవరైనా చెయ్యి ఎత్తకుండా మాట్లాడబోతే చూసేది కదా, ఆ చూపు.

"ఆమెకేమన్న ఉంటే ఆమెనే చెప్తది గదా," అన్నారు డాక్టరుగారు, నాతో కాదు, చెవిలో ఉన్న మనిషితో. తల అటు తిప్పుకున్నారు. పాఠం ఇంకో పది నిమిషాలు నడిచింది.

అయిపోయాక ఆయన అద్దం పైకెత్తి, "థ్యాంక్స్ అమ్మా, మస్తు ఓపిక మీకు," అని పక్క మంచానికి వెళ్లారు. ఆయన వెనకే వెళ్లి చెప్పాల్సింది. నాలుగు అడుగుల దూరం. నేను దిండు సర్దాను. అక్క, "చూసినవా, ఒక్క తప్పు గూడ పోలే," అని కళ్లు మూసుకుంది.

పదకొండింటికి ఆమె ఊపిరి వేగంగా ఉందనిపించింది. నర్సుకు చెప్పాను. అప్పుడు కూడా ఊపిరి గురించి చెప్పానే కానీ భుజం గురించి చెప్పలేదు. ఎందుకంటే అక్క సార్ ముందు లేదనేసింది. ఆమె క్లాసులో చెప్పినదాన్ని నేను తప్పని ఎలా అనాలి? ఇది ఇప్పుడు రాస్తుంటే పిచ్చిగా ఉంది. అప్పుడు నాకు యాభై రెండేళ్లు. పన్నెండున్నరకు చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలేంతగా వణికింది. ఒంటి గంటకు డాక్టరుగారు పరుగెత్తుకుంటూ వచ్చారు, ఈసారి తలకు ఏమీ లేదు. పొట్ట మీద చెయ్యి పెట్టగానే అక్క అరిచింది. నేను నా జీవితంలో ఆమె అరవడం అప్పుడే విన్నాను.

"ఎప్పటి సంది నొస్తుంది?" అన్నారు ఆయన, ఆమెను చూస్తూ. ఆమె చెప్పలేకపోయింది. నన్ను చూశారు.

"పొద్దున ఆరింటి నుంచి," అన్నాను. "భుజం."

ఆయన నర్సు వైపు తిరిగి థియేటర్‌కు ఫోన్ చెయ్యమన్నారు.

రెండోసారి పొట్ట తెరిచారు. కలిపిన చోట ఊడిందని, శుభ్రం చేశామని, మలం పోవడానికి పేగు కొసను పొట్ట మీదికి తీసి పెట్టామని చెప్పారు. తర్వాత తొమ్మిది రోజులు ఆమె ఐసీయూలో ఉంది. రోజుకు రెండుసార్లు, పది నిమిషాలు లోపలికి పంపేవాళ్లు. మూడో రోజు ఒకసారి కళ్లు తెరిచింది. నోట్లో గొట్టం ఉండడంతో మాట్లాడలేదు. నా చెయ్యి తీసుకుని వేలితో అరచేతిలో ఏదో రాయబోయింది. అక్షరం కుదరలేదు. ఏం రాయబోయిందో నాకు తెలియదు. తెలిసినట్టు ఎవరికీ చెప్పుకోలేదు. బయట కుర్చీల్లో కూర్చున్నప్పుడు ఆ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడేదాన్ని. తొమ్మిదో రోజు ఆ తలుపు తెరిచి నా పేరు పిలిచారు.

ఉప్పల్‌లోనే సమాధి చేశాం. బోడుప్పల్ బడి నుంచి టీచర్లు వచ్చారు. జ్వరం కథ తెలిసిన ఒకామె ఏడుస్తూ ఆ కథే నాకు చెప్పడం మొదలుపెట్టింది. నేను అక్కడి నుంచి వెళ్లిపోయాను.

నెలన్నర తర్వాత డాక్టరుగారు స్వయంగా ఫోన్ చేశారు. ఒకసారి రాగలరా అన్నారు. వెళ్లడానికి నాలుగు రోజులు పట్టింది. ఉప్పల్ చౌరస్తా దాటేటప్పుడు ఆ భవనం కనబడితే తల తిప్పుకునేదాన్ని, అలాంటిది లోపలికే వెళ్లాల్సి వచ్చింది. కింది అంతస్తులో చిన్న గది. ఆయన నాకు కుర్చీ చూపించి, తను ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నారు.

"ఐదో రోజు క్లాసు రికార్డయి ఉన్నది మేడం. దాన్ని పిల్లలకు చూపియ్యాలనుకుంటున్న. ఏది మిస్సయినమో చూపియ్యనీకె. కడుపుల కారితే ఒక్కోసారి నొప్పి భుజంల తెలుస్తది. ఎక్కువ నా తప్పే ఉన్నది అండ్ల. అక్కగారి సంతకం ఉన్నది గని, మిమ్మల్ని అడగకుంట చూపియ్య."

ముందు నేను చూడాలన్నాను. చూడకపోతే బాగుండేదేమో, కానీ ఆ సగం సంభాషణ నన్ను ఇంటి దాకా వెంటాడింది. మిగతా సగం వినాలి.

తెర మీద అక్క కనబడింది. ఆయన కళ్లలోంచి కాబట్టి చాలా దగ్గరగా, పైనుంచి. నేను వేసిన జడ భుజం మీద ఉంది. ఆయన గొంతు పెద్దగా వినబడింది. అక్క దగ్గింది. చెయ్యి లేచింది, భుజం మీదికి వెళ్లింది. అప్పుడు ఒక అమ్మాయి గొంతు, చిన్నగా, బెరుకుగా.

"సార్, పేషంట్ ఎడమ భుజం మీద చెయ్యి పెడుతున్నరు సార్. మూడుసార్లు పెట్టిన్రు."

"ఏంది? మళ్లొక్కసారి చెప్పు."

ఆ అమ్మాయి మళ్లీ చెప్పింది. తర్వాత మంచి క్వశ్చన్ అన్న మాట, అక్క జవాబు. దిండు సరిగ లేకుండె. నేను కుర్చీ చేతిని పట్టుకున్నాను. అక్కడితో ఆ అమ్మాయి ఊరుకుని ఉంటుందనుకున్నాను.

"సార్, పక్కన ఉన్న మేడంను ఒకసారి అడుగుతరా సార్?"

చూపు మంచం మీది నుంచి లేచి, కమ్మీ దగ్గరికి వచ్చింది. నేను. బూడిద రంగు చీర, భుజానికి సంచీ. మొహం పాలిపోయి ఉంది. నా నోరు తెరుచుకుంది. ఒక మనిషి ఏదో చెప్పబోతోందని ఎవరికైనా తెలుస్తుంది. తర్వాత కళ్లు పక్కకు, మంచం వైపు వెళ్లాయి. నోరు మూసుకుంది.

"ఆమెకేమన్న ఉంటే ఆమెనే చెప్తది గదా."

ఆయన వీడియో ఆపేశారు. అద్దం వెనక నుంచి ఆ రోజు ఆయన చూసింది నన్నే. గాల్లో బొమ్మను కాదు. ఇరవై మంది కూడా నన్నే చూశారు. అందులో ఒకమ్మాయి నన్ను అడగమంది. నా ఉద్యోగమే తప్పు కనబడితే పక్కన గుర్తు పెట్టడం. ఆ రెండు క్షణాలు అయిపోయాయి, ఎవరూ గుర్తు పెట్టలేదు.

"ఆరింటికే చెప్పి ఉంటే?" అన్నాను.

"తెల్వదు మేడం. పొద్దుగాల్నే తీసుకపోతే బతుకునేమో. బతకకపోవునేమో. గన్ని గంటలల్ల తేడా పడ్డదని నేను చెప్పలేను. పడలేదని గూడ చెప్పలేను." తెర వైపు చూపించి, "ఆ పిల్ల చెప్పినప్పుడు అద్దం తీసి మిమ్మల్ని అడగాల్సింది నేను. క్లాసు ఆగుతదని అడగలే," అన్నారు.

నేను ఆ మాటతో తేలికపడలేదు. ఆయన నన్ను తేలికపరచాలని కూడా అన్నట్టు లేదు.

సరే, చూపించుకోమన్నాను. మొహాలు కనబడకుండా చేస్తామన్నారు, నాదీ అక్కదీ. నాది చెయ్యండి, ఆమెది ఉంచండి అన్నాను. ఆమె ఆ క్లాసు కోసం పొద్దున్నే తయారైంది. రూల్ ఒప్పుకోదన్నారు ఆయన. జడ మాత్రం కనబడుతుందన్నారు. లేచి వస్తుంటే ఆ అమ్మాయి గురించి అడిగాను. ఆమె ఆ రోజు తర్వాత రెండు వారాలు క్లాసుకు రాలేదని, ఇప్పుడు వస్తోందని చెప్పారు. ఇంకోసారి గట్టిగా అడిగి ఉండాల్సిందని ఏడ్చిందట. ఆమెది తప్పు కాదని నా మాటగా చెప్పమన్నాను. చెప్పారో లేదో తెలియదు.

అప్పటి నుంచి నాకు పొద్దున ఆరు దాటగానే మెలకువ వచ్చేస్తుంది. లేచి కూర్చుంటాను. ఎక్కడా నొప్పి లేకపోయినా భుజం మీద చెయ్యి వేసి చూసుకుంటాను. ప్రెస్సులో ఎవరైనా దగ్గినా, మెడ పట్టుకున్నా అడుగుతాను. రెండుసార్లు అడిగేసరికి విసుక్కున్నవాళ్లు కూడా ఉన్నారు. "మేడం, నాకేం గాలే, చాయ్ తాగున్రి," అన్నాడు మా కంపోజింగ్ ఆపరేటర్. అయినా అడుగుతాను. ఎవరైనా ఏం లేదంటే నమ్మకం కుదరదు. వాళ్ల పక్కన ఉన్నవాళ్ల మొహం చూస్తాను.

మొన్న ఉప్పల్ రింగ్ రోడ్డు బస్టాపులో ఆ మేడిపల్లి నర్సు కనబడింది. గుర్తుపట్టి నా చెయ్యి పట్టుకుంది. బస్సు వచ్చేదాకా మాట్లాడుకున్నాం. హెడ్‌సెట్ క్లాసులు ఇంకా నడుస్తున్నాయట, ఇప్పుడు ఇంకో రెండు కాలేజీలకు కూడా.

"గని ముందుగాల అటెండెంట్‌ను బయటికి పిలిచి, పేషంట్ వినకుంట సార్ అడుగుతడు మేడం. రాత్రి ఎట్లుండె, పొద్దుగాల ఏమన్నరు, అన్ని. అటెనుకనే తలకు పెట్టుకుంటడు."

"గోడకు కాగితం ఉండేది కదా," అన్నాను.

"తీసేసిన్రు."

ఆమె బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. నేను నాచారం ఆటో కోసం అవతలి వైపుకు దాటాను.

క్లాసు నడుస్తున్నప్పుడు మాట్లాడొద్దని ఆ వార్డులో ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు.